ఎర్రనేల లోతు ఎవరు రాస్తారు?

వేసవిలో మా అక్క కొడుకు చేనిలో గుంత తవ్వించాను. బుక్కరాయసముద్రం నుంచి రేకులకుంట వైపు పోయే దోవలో, దేవరకొండ కనపడేంత దూరంలో, నాలుగెకరాల ఎర్ర చేను అది. మూడు తరాలుగా శనక్కాయ తప్ప వేరే పైరు ఎరగదు. ఈ ఏడు చీనీ (బత్తాయి) పెడతానన్నాడు. బోరులో రెండంగుళాల నీళ్లు పడ్డాయి, డ్రిప్పు వస్తుంది, నర్సరీలో మొక్కలకు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు.

"కార్డు ఉండాది కదా మామా, మళ్లా గుంత ఎందుకు?" అన్నాడు.

కార్డు తెచ్చి చూపించాడు. భూసార పరీక్ష పత్రం. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. మొత్తం పన్నెండు అంకెలు. అలాంటి అంకెలు తీసే చోటనే నేను 28 ఏళ్లు పనిచేశాను. మట్టి ఆరబెట్టడం, కొయ్య సుత్తితో గడ్డలు చిదమడం, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం, సీసాలో పోసి నంబరు రాయడం. నా చేతుల మీదుగా ఎన్ని వేల సంచులు పోయాయో లెక్క లేదు. ఆ అంకెల మీద నాకు గౌరవం ఉంది. వాటిలో ఏమి లేదో కూడా తెలుసు గనుకనే గుంత తవ్వమన్నాను.

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పార మొదట సులువుగా దిగింది. పైనున్న ఎనిమిది అంగుళాలు లేత ఎరుపు, ఇసుక కలిసిన మట్టి. పిడికిట పట్టి వదిలితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పోయినేటి శనక్కాయ వేళ్లు, నాలుగు బుడ్డ తొక్కలు, గులకరాళ్లు. తొమ్మిదో అంగుళం దగ్గర పార చప్పుడు మారింది. కూలీకి వచ్చిన అబ్బాయి పార పక్కన పెట్టి గడ్డపార అందుకున్నాడు. అక్కడినుంచి మట్టి జేగురు రంగుకు తిరిగింది. పొడిపొడిగా రాలదు, పలకలుగా, దిమ్మలుగా విడివడుతుంది. మూడున్నర అడుగులు పోయినా అదే మట్టి. నాలుగడుగుల దగ్గర మొరం తగిలింది. పుచ్చిన రాయి, గోటితో గీరితే రాలేది.

మేనల్లుణ్ని గుంతలోకి దిగమన్నాను. పై మట్టి చిటికెడు తీసుకుని తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నాడాలాగా బయటికి నెట్టమన్నాను. అర అంగుళం రాకముందే తెగిపోయింది. కింది మట్టితో అదే చెయ్యమన్నాను. రెండంగుళాలు దాటి వేలాడింది. నేలల సర్వే చేసేవాళ్లు పొలంలో చేసే పరీక్ష ఇదే, దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆ తర్వాత ఒక గడ్డను రెండుగా విరిచి ఎండకు పట్టి చూపించాను. విరిగిన ముఖం మీద సన్నటి నిగనిగ, నెయ్యి రాసి తుడిచినట్టు.

"ఇంత బంక యాడుండె మామా ఇన్నాళ్లూ?"

వాడు పుట్టకముందు నుంచీ ఉంది. వాడి ముత్తాత పుట్టకముందు నుంచీ ఉంది. ఆ నిగనిగ గురించే ఈ వ్యాసం.

మా వైపు చేలన్నిటి కింద ఉన్న తల్లిరాయి గ్రానైటు, నైసు. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. అది పుచ్చి మట్టి అయింది. ఆ మట్టి మీద చెట్లు మొలిచాయి. నారయేపి, చండ్ర, బిల్లుడు, రేల. ఎండాకాలం ఆకు రాల్చి, వానకు చిగురించే అడవి. ఏటా ఆకు రాలి, కుళ్లి, దాని పులుసు వాననీటిలో కలిసి కిందికి దిగేది. దిగుతూ దిగుతూ మట్టిలోని అతి సన్నటి రేణువులను, అంటే మిల్లీమీటరులో 500వ వంతుకన్నా చిన్నవాటిని, వెంటబెట్టుకుని పోయేది. నీళ్లు ఇంకి ఆరిపోయిన చోట ఆ రేణువులు ఆగిపోయేవి, మట్టి రంధ్రాల గోడలకు పూతలా అంటుకునేవి. ఒక వానకు ఒక పూత. తర్వాత ఎండ, మళ్లీ వాన, మళ్లీ పూత. వేల ఏళ్లు అలా జరిగితే పైన ఇసుక మిగిలి, కింద బంక పేరుకుంటుంది. మా వాడి చేతిలో ఎండకు మెరిసింది ఆ పూతే. ఆ అడవి ఇప్పుడు లేదు. తుమ్మ, రేగు, బలుసు, కలివి మిగిలాయి, తక్కినదంతా సాగులోకి వచ్చింది. అడవి పోయినా అది చేసిన పని మాత్రం నేల లోపల అలాగే ఉంది.

ఇలాంటి నేలకు నేలల శాస్త్రంలో విరివిగా వాడే పేరు ఆల్ఫిసాల్. అల్యూమినియంలోని 'ఆల్', ఇనుముకు రసాయన గుర్తయిన 'ఎఫ్‌ఈ' కలిపి అమెరికావాళ్లు పెట్టిన పేరిది. వాళ్ల నేలల వర్గీకరణ గ్రంథం 1975లో వచ్చింది. ఇప్పుడు అందులో 12 పెద్ద వర్గాలున్నాయి, మంచు లేని భూమిలో దాదాపు 10 శాతం ఆల్ఫిసాలే. ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఓక్, మేపుల్ చెట్ల కింద పుట్టిన నేలా, మా బుక్కరాయసముద్రం ఎర్ర చేనూ ఒకే ఇంటిపేరువి. అక్కడ చలి, ఇక్కడ ఎండ. ఆ తేడా చూపడానికి పేరులోనే ముక్కలు చేరుస్తారు. ఏడాదిలో చాలా కాలం ఎండిపోయి, పైరు కాలంలో మాత్రం కొంత తడి దొరికే నేల అయితే 'ఉస్టాల్ఫ్'. ముదురు ఎరుపైతే ముందు 'రోడ్' చేరుతుంది. గ్రీకులో గులాబీకున్న పేరు అది. రోడస్టాల్ఫ్. మా వాడి గుంత గోడ పక్కన నేల రంగులు పోల్చే పుస్తకం తెరిచి పట్టి, మట్టిని తడిపి సరిచూశాను. నా అంచనా అదే.

ఇది నోరు తిరగని పేరు, రైతుకెందుకు అంటారు. పేరు వెనక లెక్క ఉంది కాబట్టి కావాలంటాను. పై పొరలో నూటికి 20 పాళ్లు బంక ఉంటే కింది పొరలో కనీసం 24 ఉండాలి, అప్పుడే దాన్ని బంక పేరుకున్న పొరగా ఒప్పుకుంటారు. కింది మట్టి పట్టుకోగల పోషకాల్లో క్యాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియంల వాటా 35 శాతానికి తగ్గకూడదు. తగ్గితే అది ఆల్ఫిసాల్ కాదు, అల్టిసాల్. కేరళ ఎర్రనేలలు చాలా వరకు ఆ రెండో వర్గమే, అక్కడి వానలకు సారం కడుక్కుపోయింది. చూడ్డానికి రెండూ ఎరుపే. మా వానలు ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కరువే మా నేలలో సారాన్ని పూర్తిగా కొట్టుకుపోనివ్వలేదు. మన నేలకున్న ఈ మంచిగుణం 'ఎర్రనేల' అన్న ఒక్క మాటలో కనపడదు.

మన పెద్దలు ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. మా వైపు గరప అన్నారు, గరుసు అన్నారు, చౌడు, సుద్ద, రేగడి అన్నారు. తెలంగాణలో చెల్క వేరు, దుబ్బ వేరు. చెరువు కట్టలు పోసిన వడ్డెర్లకు, ఉప్పర్లకు ఏ మట్టి కట్ట నడిమికి పనికొస్తుందో, ఏది పైన కప్పడానికి పనికొస్తుందో చేత్తో పట్టుకుంటే తెలిసేది. మా ఊరి పేరులోనే చెరువుంది. 14వ శతాబ్దంలో బుక్కరాయల నాటిది. ఆ కట్ట తెగబోతే ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు. ఆ కట్ట మీద నడిచినప్పుడల్లా నాకు ముసలమ్మ గుర్తొస్తుంది, ఆవిడతో పాటు ఆ మట్టిని ఎంచి, తట్టలకెత్తి, తొక్కి తొక్కి కట్ట పోసిన పేరులేని చేతులు గుర్తొస్తాయి.

తెల్లవాళ్ల సర్కారుకూ నేల తేడా తెలుసు. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికొచ్చాక కలెక్టరుగా వచ్చిన మన్రో అనంతపురంలోనే కూచుని భూములు కొలిపించాడు. తర్వాత మద్రాసు సెటిల్‌మెంటులో ప్రతి సర్వే నంబరుకూ నేల నలుపా ఎరుపా, బంకా గరపా ఇసుకా, అందులో మంచిదా నాసిదా అని రాసి, దానికొక తరం కట్టి, ఆ తరాన్ని బట్టి శిస్తు వేశారు. తాలూకా కచేరీ పాత రిజిస్టర్లలో ఆ గడులు ఈనాటికీ ఉన్నాయి. శిస్తు వసూలుకు నేల పేరు కావాల్సి వచ్చింది. అదే నేల మీద అప్పు తెచ్చి తోట పెట్టే రైతుకు ఆ పేరు అక్కర్లేదా?

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు పట్టుకుని గట్టు గట్టూ తిరిగారు. హద్దులు సెంటీమీటర్ల లెక్కన తేల్చే పరికరాలవి. మంచి పనే. హద్దు తగాదాల్లో తలలు పగిలిన ఊళ్లు నాకు తెలుసు. అయితే కొలిచిందంతా అడ్డంగానే. ఒక్క సర్వే నంబరులోనైనా నిలువునా మూడడుగులు చూడలేదు.

భూసార పత్రం సంగతికి వస్తాను. ఈ పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైంది. మెట్ట భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనా తీయాలన్నది నియమం. అంటే దాదాపు పాతిక ఎకరాలకు ఒకటి. చేనిలో అక్కడక్కడా ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో జానెడు లోతు గుంత తీసి, ఆ అంచు నుంచి మట్టి గీకి, అంతా గోనె మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలా చేస్తారు. ఎరువు మోతాదు చెప్పడానికి ఈ పద్ధతి సరిపోతుంది. ఆ అరకిలో సంచి నా బల్ల మీదికి వచ్చేటప్పటికి దాని కింద బంక ఎంత లోతున ఉందో, మొరం ఎక్కడ తగులుతుందో చెప్పే దారి మాత్రం మూసుకుపోయి ఉండేది. ఏ పైరు పెట్టాలో చెప్పమని ఆ సంచిని అడగకూడదు. కానీ మా వాడు దాన్నే అడిగాడు. వాడి తప్పేముంది? చేతికిచ్చిన కాగితం అదొక్కటే.

ఆ కాగితంలో లేని పొరల లోతు మీదే మా జిల్లా వ్యవసాయం నడుస్తోంది. ఉమ్మడి అనంతపురం నేలల్లో ముప్పాతిక వంతు ఎర్రవే. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శనక్కాయ వేసిన జిల్లా ఇది. శనక్కాయ ఇక్కడ ఎందుకు నిలదొక్కుకుంది? పూత నేలమీద పూసి, ఊడ నేలలోకి దిగి కాయ అయ్యే పైరు అది. ఊడ దిగాలంటే పైన గుల్లగా ఉండాలి. అడవి మనకు మిగిల్చిన ఆ ఏడెనిమిది అంగుళాల ఇసుక గరపే ఆ గుల్ల నేల. దాన్నే మనం పోగొట్టుకుంటున్నాం. ఏటా వాలుకు దున్నిన చేలలో మొదటి పెద్దవానకే ఎర్రనీళ్లు వంకల్లో పారుతుంటే ఆ పొరే పోతోంది. అది పల్చబడే కొద్దీ గొర్రు కింది బంకను పైకి లాగుతుంది. అది తడిసి ఆరితే పెంకు కడుతుంది. మొలక తల ఎత్తలేదు, ఊడ దిగలేదు. పెరికే నాటికి పదును లేకపోతే చెట్టు చేతికొచ్చి బుడ్డలు నేలలోనే తెగిపోతాయి. విత్తనం మంచిది కాదనుకుంటారు, మందు పనిచేయలేదనుకుంటారు. నేల అడుగు బయటపడిందని చెప్పేవాళ్లు తక్కువ.

బంక చెడ్డదని నేననడం లేదు. నవంబరులో పైమట్టి పిడకలా ఎండిపోయినా కంది పచ్చగా నిలబడిందంటే ఆ బంక దాచిన తడి వల్లే. ఏడు సాళ్లు శనక్కాయకు ఒక సాలు కంది వేయమని పరిశోధన కేంద్రాలు చెప్పేది ఊరికే కాదు. శనక్కాయ వేరు పై పొరలో బతుకుతుంది, కంది వేరు కింది పొరలోకి పోతుంది. ఆముదమూ అంతే. అదే బంక చీనీకి మృత్యువు. చీనీకి మూడడుగుల గుంత తీసి పెంటా మట్టీ నింపుతాం. బంకలో తీసిన గుంత తొట్టిలా పనిచేస్తుంది, డ్రిప్పు నీళ్లు దిగే దారిలేక అడుగున నిలుస్తాయి. వేరు కుళ్లుతుంది, మానుకు బంక కారుతుంది. నాలుగైదేళ్లు పెంచి, కాపు మొదలయ్యే వేళకు చెట్టు ఎండిపోతే ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో మా పక్క ఊళ్లలో చూశాను.

నా సొంత దెబ్బ ఒకటి చెప్పాలి. నా రెండెకరాల్లో ప్రభుత్వ పథకం కింద సేద్యపు కుంట తవ్వించారు. పథకం కొలతలు అందరికీ ఒకటే, లోతూ ఒకటే. బంక పొర ఎక్కడ ముగుస్తుందో చూడకుండా యంత్రం మొరంలోకి దిగిపోయింది. ఆపమని చెప్పాను. కొలత తగ్గితే బిల్లు పడదన్నారు. ఆ ఏడు మంచి వాన కురిసి కుంట అంచుదాకా నిండింది. ఎనిమిదో రోజుకు అడుగు పగుళ్లు తేలింది. రెండడుగులు ముందు ఆపి ఉంటే ఆ బంకే నాకు అడుగుబండలా నీళ్లు నిలిపేది. ఆ ఏటి పైరుకు ఒక్క తడి దక్కేది. ఇరవై ఎనిమిదేళ్లు మట్టి పనిచేసినవాడి చేనిలోనే ఇలా జరిగితే, ఏమీ చదువుకోని రైతు ఎవరికి చెప్పుకోవాలి?

చేయలేని పని అయితే అడగను. పక్కనే కర్ణాటకలో సుజల ప్రాజెక్టు కింద నాగపూర్ కేంద్రంగా ఉన్న జాతీయ నేలల సర్వే సంస్థవాళ్లు ఎంచుకున్న వాటర్‌షెడ్లలో సర్వే నంబర్ల వారీగా నేల లోతు, బంక, గులక, వాలు అన్నీ పటాలకెక్కించారు. మడకశిర దాటితే కర్ణాటకే. అటువైపు రైతుకు తెలిసిన లోతు ఇటువైపు రైతుకు తెలియకపోవడానికి కారణం నాకు కనపడలేదు. అమెరికాలో రైతు తన పొలం మీద వేలు పెడితే కంప్యూటరులో ఆ నేల సిరీస్ పేరు, పొరల లోతు ఉచితంగా చూసుకోవచ్చు. సిరీస్ అంటే ఆ నేలను మొదట గుర్తించిన ఊరి పేరుతో పిలవడం. మన దగ్గరా అలాంటి పేర్లున్నాయి. 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థను పెట్టినప్పుడు పటాన్‌చెరును ఎంచుకోవడానికి ఒక కారణం ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే క్షేత్రంలో దొరకడం. అక్కడి ఎర్రనేల పటాన్‌చెరు సిరీస్, నల్లనేల కాసిరెడ్డిపల్లి సిరీస్. ఆ రెండు ఊళ్ల పేర్లు ప్రపంచమంతా నేలల శాస్త్రవేత్తల నోట నలుగుతాయి. మా మండలంలోనే రేకులకుంటలో మెట్ట సేద్యం పరిశోధన కేంద్రం ఉంది, రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, జంతులూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. తెలిసినవాళ్లు మా గుమ్మంలోనే ఉన్నారు. వాళ్లకు తెలిసింది పత్రంలో ఒక గడిగా రైతు చేతికి రావాలి, అంతే.

నేను అడిగేది ఇది. భూసార పత్రంలో పన్నెండు అంకెల కింద ఇంకో మూడు వరసలు చేర్చండి. బంక ఎన్ని అంగుళాలకు తగిలింది, మొరం ఎన్ని అడుగులకు తగిలింది, ఈ నేల పేరేమిటి. పండ్ల తోటకు రాయితీ ఇచ్చే ముందు, సేద్యపు కుంటకు ముగ్గు పోసే ముందు ఆ చేనిలో ఒక్క గుంత తవ్వి చూడండి. కూలీకి ఒక పూట పని అది. ప్రతి రెవెన్యూ గ్రామంలో రెండు మూడు చోట్ల అలాంటి గుంతలు తీసి, పొరల ఫొటోలు, కొలతలు రైతు సేవా కేంద్రం గోడకు పెట్టండి. బడి పిల్లల్ని తీసుకెళ్లి ఆ గుంతలోకి దింపండి. బంక నాడా చేసి చూసిన పిల్లవాడు దాన్ని జన్మలో మరిచిపోడు.

ఇంకొకటి, అడవి గురించి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ సంస్థవాళ్లు, ఊళ్లవాళ్లు కలిసి కాపాడిన కల్పవల్లి గుట్టలు చూశాను. గడ్డి కూడా మొలవని చోట నిప్పు రాకుండా, గొడ్డలి పడకుండా కాపలా కాస్తే చెట్లు వాటంతట అవే లేచాయి. అక్కడ ఆకుల కింద చెయ్యి పెట్టి మట్టి తీశాను. నల్లగా, తడిగా, వానపాము ఎరువులా ఉంది. ఒక అంగుళం ఉంటుందేమో. బంక పొర కట్టడానికి వేల ఏళ్లు పట్టిన చోట, పై పొర తిరిగి ప్రాణం పోసుకోవడానికి ముప్పై ఏళ్లు చాలింది. మా మండలం గుట్టల మీద అదే పని జరగాలని, గరుసు కోసం ఆ గుట్టల్నే రాత్రిపూట తవ్వి లారీలకెత్తడం ఆగాలని నా కోరిక.

మేనల్లుడి గుంత సంగతి మిగిలింది. సాయంత్రం అందులో ఆరు బిందెల నీళ్లు పోయించాను. తెల్లారి ఇద్దరం పోయి చూశాం. అడుగున ఇంకా నీళ్లు ఉన్నాయి, ఒక పిట్ట దిగి తాగుతోంది. వాడు చాలాసేపు గట్టు మీద గొంతుకూచున్నాడు. తర్వాత చేను పైకొసన ఇంకో గుంత తవ్వాడు, నేను చెప్పకుండానే. అక్కడ బంక పలచన, రెండడుగులకే మొరం. ఆ గుంతలో పోసిన నీళ్లు మధ్యాహ్నానికల్లా ఇంకిపోయాయి. అక్కడ ఎకరా సీతాఫలం పెడతానని, కింద మూడెకరాలు శనక్కాయ, కందికే ఉంచుతానని అన్నాడు.

ఆ గుంతల మట్టిని పూడ్చేటప్పుడు తీసిన వరసకు తలకిందులుగా వేయించాను. మొరం ముందు, బంక తర్వాత, గరప చివర. వాడు జేబులోంచి పత్రం తీసి, వెనక వైపు ఖాళీగా ఉన్న చోట పెన్నుతో రాసుకున్నాడు: 'కింద చేను, 8 అంగుళాలకు బంక, 4 అడుగులకు మొరం. పై చేను, 2 అడుగులకే మొరం.' పత్రం మడిచి పెట్టుకుని, చీనీ అడ్వాన్సు వెనక్కి అడగడానికి బండెక్కి నర్సరీకి పోయాడు.